బొటనవేలి గుబ్బ ఆపరేషన్ తర్వాత: మంచం మీద నుంచి చేలగట్టు దాకా

బొటనవేలు పక్కవేలి మీదకి ఒరిగిపోతుంది, పాదం లోపలివైపు ఎముక గుబ్బలా పొడుచుకొస్తుంది. డాక్టర్లు దీన్ని బనియన్ అంటారు, చీటీ మీద హాలక్స్ వాల్గస్ అని రాస్తారు. మన దగ్గర బనియన్ అంటే చొక్కా లోపల వేసుకునేదే కాబట్టి ఇంట్లో అందరం 'అమ్మ కాలి గుబ్బ' అనేవాళ్ళం. కోనసీమలో, రాజోలు దగ్గర మా ఊళ్ళో అమ్మ పదేళ్ళు ఆ గుబ్బతోనే తిరిగింది. చివరికి ఏ చెప్పూ పట్టక, రాత్రిళ్ళు నొప్పికి నిద్ర పట్టక ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఆ తర్వాత ఏడాది పాటు ఆ కాలిని దగ్గరుండి చూసుకున్నది నేనే. మన ఇళ్ళలో, మన ఊళ్ళలో ఆ రోజులు ఎలా గడపాలో చెప్పేవాళ్ళు మాకు దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి. మనవాళ్ళు "గుబ్బ చెక్కేశారు, కుట్లు ఊడితే అయిపోయినట్టే" అనుకుంటారు. చాలా ఆపరేషన్లలో జరిగేది అది కాదు. బొటనవేలి వెనకున్న పొడుగాటి ఎముకని కోసి, పక్కకి జరిపి, సరైన వరసలో పెట్టి స్క్రూలతో బిగిస్తారు. అంటే అది డాక్టరు చేత్తో విరిచి సరిచేసిన ఎముక. కాలు విరిగి పిండికట్టు వేసుకున్న మనిషిని ఎవరూ పని చెయ్యమనరు. ఇక్కడ కట్టు చిన్నది, నొప్పి కూడా వారం దాటితే తగ్గుతుంది, దాంతో ఇంట్లోవాళ్ళతో పాటు రోగి కూడా మర్చిపోతారు. ఎముక అతకడానికి మాత్రం ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఎప్పుడు చేయించుకోవాలి

ఇది అత్యవసరం కాదు, కాబట్టి కాలం చూసుకుని పెట్టుకోవచ్చు. జులై, ఆగస్టు వద్దనే అంటాను. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు, వాన, బురద అన్నీ అప్పుడే. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో రోడ్డు మునిగి పడవే గతి. కుట్లు తీయించుకోవాల్సిన రోజున పడవ ఎక్కడం, కట్టు తడవకుండా దిగడం అయ్యే పని కాదు. ఏప్రిల్, మే నెలల్లో కట్టు కింద చెమట, దురద. మేము సంక్రాంతికి వచ్చిన కూతుళ్ళు, అల్లుళ్ళు వెళ్ళాక జనవరి ఆఖర్లో పెట్టుకున్నాం. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు అప్పటికే పూర్తవుతాయి, కోతలకి ఇంకా టైముంటుంది, ఎండా పెద్దగా ఉండదు. మాఘమాసం పెళ్ళిళ్ళు, అంతర్వేది తీర్థం ఆ ఏడాదికి వదులుకోవాల్సి వచ్చింది. ముందే అనుకున్నది కాబట్టి అమ్మ పెద్దగా బాధపడలేదు.

షుగర్ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోండి. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటుంటే ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే మానెయ్యాలి. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది, గాయమూ త్వరగా మానదు.

ఇల్లు సర్దుకోవడం

పాత ఇళ్ళలో ఈ కాలికి పెద్ద శత్రువు గడప. వాకర్ పట్టుకుని నడిచే మనిషి వేలు తగిలేది అక్కడే. మంచం, బాత్‌రూం, భోజనం, ఈ మూడింటి మధ్య గడప లేకుండా గది చూసుకోండి. మాకు వీల్లేక రెండు గడపల మీద ఎర్ర రిబ్బన్ అతికించాం, రాత్రిపూట కూడా కనపడేలా చిన్న లైటు వేసి ఉంచాం.

మరుగుదొడ్డి పెరట్లో ఉంటే దారిలో పాకుడంతా ముందే గీకించండి. గొంతుక్కూర్చునే దొడ్డి అసలు పనికిరాదు. గొంతుక్కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు ఒళ్ళు బరువు పాదం ముందు భాగం మీద పడుతుంది, కోసిన ఎముక అలాంటి బరువు ఆపలేదు. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకీ ఇస్తారు. స్నానానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, కాలు చాపి పెట్టుకోవడానికి ఎదురుగా ఒక పీట. వాకర్ కూడా ముందే తెచ్చుకుని ఇంట్లో రెండు రోజులు నడిచి చూడండి. ఆపరేషన్ అయ్యాక నేర్చుకోవడం కష్టం.

వంట సంగతి తేల్చుకోకుండా మాత్రం వెళ్ళొద్దు. కనీసం మూడు వారాలు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో పేరు పెట్టి అనుకోండి. "ఏదోలా చూసుకుందాం" అనుకున్న ఇంట్లో నాలుగో రోజుకే ఆవిడ లేచి టీ పెడుతుంది.

ఇక మెట్టెలు. పట్టీలు తేలిగ్గా వస్తాయి గానీ, ముప్ఫై ఏళ్ళుగా తియ్యని మెట్టె సబ్బునీళ్ళకి కూడా కదలదు. ఆస్పత్రిలో ఆ ఉదయం హడావిడి పడకుండా వారం ముందే తీసి చూడండి. బొటనవేలి ఆపరేషన్ అయినా పక్కవేళ్ళన్నీ వాస్తాయి, మెట్టె ఉంటే వేలికి రక్తం ఆడదు. అమ్మకి మాత్రం అది మనసుకు కష్టమైన పనే. "మీ నాన్నగారుండగా మెట్టె తియ్యడమేంటి" అని రెండు రోజులు మథనపడింది. చివరికి మా నానమ్మే కల్పించుకుని, రెండో కాలికి ఉంది కదా చాలమ్మా అంది. తీసిన మెట్టెని అమ్మ దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టుకుంది.

ఇంటికి పంపేటప్పుడు అడగాల్సినవి

మా డిశ్చార్జి కాగితంలో బరువు సంగతి ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి ఉంది, ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంటికొచ్చాక ఒకరు నడవొచ్చన్నారు, ఒకరు వద్దన్నారు. అందుకని డాక్టరు ముందు నిలబడే ఈ నాలుగూ అడగండి: పాదం మీద బరువు ఎంత వెయ్యాలి, మడమ మీదా, పాదమంతానా, అసలు వెయ్యకూడదా? కట్టు ఎప్పుడు మారుస్తారు? వేలిని ఎప్పటినుంచి వంచాలి? రక్తం గడ్డకట్టకుండా మందు అవసరమా?

పక్కింటివాళ్ళకి చెప్పిన జవాబు మీకు పనికిరాదు. ఎముక కోసి జరిపిన ఆపరేషన్‌లో చాలాసార్లు గట్టి అడుగున్న ప్రత్యేకమైన చెప్పు వేసుకుని మడమ మీద నాలుగడుగులు మొదటి రోజే వెయ్యనిస్తారు. పాదం మధ్యలో కీలుని కలిపి అతికించే రకం ఆపరేషన్ అయితే కొన్ని వారాలు నేల మీద మోపనివ్వకపోవచ్చు.

మొదటి రాత్రి

పాదం మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం పన్నెండు గంటలో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. సాయంత్రం అమ్మ నవ్వుతూ కబుర్లు చెప్పింది, నొప్పే లేదు, ఈ మాత్ర ఎందుకు అంది. రాత్రి రెండింటికి మొద్దుదనం వదిలాక దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు మాత్ర వేస్తే పనిచెయ్యడానికి ముప్పావు గంట పట్టింది, ఆ ముప్పావు గంటా గడియారం చూస్తూ కూర్చున్నాం. కాబట్టి నొప్పి లేకపోయినా డాక్టరు రాసిన వేళకి మాత్ర వెయ్యండి. మొదటి మూడు రోజులు అలారం పెట్టుకుని ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు అదనంగా తేవద్దు, కిడ్నీ జబ్బు, బీపీ, కడుపులో పుండు ఉన్నవాళ్ళకి కొన్ని పడవు.

రెండు వారాలు: కాలు దించొద్దు

ఈ రెండు వారాల్లో చెయ్యాల్సిన పని ఒక్కటే, కాలు పైన పెట్టుకుని ఉండడం. పైన అంటే ముక్కు కంటే వేళ్ళు పైకి ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదురు స్టూలు మీద కాలు పెట్టుకుంటే అది నడుము ఎత్తే, చాలదు. మంచం మీద పడుకుని, పిక్క నుంచి మడమ దాకా రెండు గట్టి బూరుగు దిండ్లు పెట్టండి. మోకాలు కొద్దిగా వంగాలి, మడమ చివర గాల్లో ఉండాలి, లేకపోతే అక్కడ ఒత్తుకుని పుండు పడుతుంది. గంటలో 50 నిమిషాలు ఇలాగే. మిగతా పది నిమిషాల్లో బాత్‌రూం, భోజనం.

మన ఇళ్ళలో ఇది ఎందుకు జరగదో నేను కళ్ళారా చూశాను. చూడ్డానికి మనుషులొస్తారు. ఆరో రోజు సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు వచ్చారు. "పడుకోండి వదినగారూ, లేవకండి" అని వాళ్ళు అంటూనే ఉన్నారు, అమ్మ లేచి కాలు కిందికి దించి కూర్చుంటూనే ఉంది. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపుకుని పడుకోవడం ఆవిడ వల్ల కాలేదు. వాళ్ళు వెళ్ళేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. కట్టు బయటకి కనిపించే నాలుగు వేళ్ళూ నేరేడుపండు రంగుకి తిరిగాయి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. కాలు పైకెత్తి పెట్టాక అరగంటకి రంగు మారింది. మారకపోయి ఉంటే ఆ రాత్రే కారు కట్టించుకుని వెళ్ళాల్సింది.

మర్నాడు మంచం తిప్పేశాం, కాళ్ళు గుమ్మం వైపు కాకుండా గోడ వైపు వచ్చేలా. పాదాల మీద పల్చటి పంచె కప్పాం. నానమ్మ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పేది: "దాన్ని లేవమనకండమ్మా. నా ముందే కాళ్ళు చాపుకుంది, నాకేం పాపం రాలేదు." ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్క మాట అంటే చాలు, రోగికి సగం బరువు దిగుతుంది. మీ ఇంట్లో ఆ మాట ఎవరనాలో ముందే చూసుకోండి.

ఐసు పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో వేసి, తువ్వాలు చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలకి మించకుండా పెట్టండి. కట్టు తడవకూడదు, పాదం ఇంకా మొద్దుగా ఉంటే చలి తెలియక చర్మం కాలుతుంది. కట్టు మందంగా ఉంటే చీలమండ మీద గానీ, మోకాలి వెనక గానీ పెట్టమంటారు. గంటకోసారి చీలమండని కిందికీ పైకీ ఇరవైసార్లు ఆడించమనండి, పిక్కలో రక్తం గడ్డకట్టకుండా అది కాపాడుతుంది.

పథ్యం విషయంలో మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. గుడ్డు, చేప, వంకాయ పెడితే చీము పడుతుందని పెద్దవాళ్ళ భయం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కూర వల్ల కాదు. గాయం మానాలన్నా, ఎముక అతకాలన్నా మాంసకృత్తులు కావాలి. డాక్టరు వేరే కారణంతో వద్దంటే తప్ప గుడ్డు, పప్పు, పెరుగు, చేప అన్నీ పెట్టండి. బాలింతలకీ జబ్బుపడి లేచినవాళ్ళకీ కొరమీను పులుసు పెట్టే అలవాటు మనకి ఉన్నదే, దాన్నే గుర్తుచేసి నానమ్మని ఒప్పించాను. పసుపు, ఆముదం, ఆకుపసరు మాత్రం కుట్ల మీద వెయ్యనివ్వొద్దు, ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా సరే.

వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సినవి: జ్వరం, కట్టులోంచి చీము, దుర్వాసన, గాయం చుట్టూ ఎర్రదనం పాకడం, కాలు ఎత్తినా తగ్గని నలుపు రంగు, మందులకి లొంగకుండా పెరిగే నొప్పి. పిక్క గట్టిపడి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు చూపించాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్‌తో ఆగకండి, 108కి చేసి దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్ళండి.

కుట్లు తీశాక ఆరో వారం దాకా

రెండు వారాల ప్రాంతంలో కుట్లు తీస్తారు. ఆ రోజు ఆస్పత్రికి షేర్ ఆటోలో వెళ్ళొద్దు, ఎవరో ఒకరు కాలు తొక్కుతారు. ఆటో మొత్తం మాట్లాడుకుని, వెనక సీటు మీద కాలు చాపుకుని కూర్చోండి. గాయం పూర్తిగా మూసుకుందని డాక్టరు చెప్పాకే తడపాలి. అప్పటిదాకా స్నానానికి కవర్ కట్టి, పీట మీద కాలు బయటకి పెట్టుకోవాలి.

ఆపరేషన్ చెప్పు అడుగు ఎత్తుగా ఉంటుంది. రెండో కాలికి పల్చటి హవాయి చెప్పు వేసుకుంటే నడుము ఒక పక్కకి వంగి, పది రోజులకి నడుంనొప్పి పట్టుకుంటుంది. ఆ కాలికి కూడా మందపాటి అడుగున్న చెప్పు చూడండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

వేలి కసరత్తు డాక్టరు సరే అన్న రోజు నుంచే. కుర్చీలో కూర్చుని ఆ పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోండి. ఒక చేత్తో కీలు వెనక ఎముకని కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో బొటనవేలిని మొదట్లో పట్టుకుని, చివర కాదు, నెమ్మదిగా పైకి వంచి పది అంకెలు లెక్కపెట్టి వదలాలి, తర్వాత కిందికి. సాగినట్టు అనిపించాలి, పొడిచినట్టు నొప్పి రాకూడదు. పదిసార్లు చొప్పున రోజుకి మూడుసార్లు. అమ్మ భయంతో మొదటి వారం పట్టుకున్నట్టు నటించి వదిలేసేది. కీలు బిగుసుకుంటే తర్వాత వదిలించడం చాలా కష్టం. గాయం మానాక మచ్చ మీద కొబ్బరినూనెతో చిన్నగా మర్దన చేస్తే అక్కడి చర్మం అతుక్కుపోదు. వేలి లోపలి అంచున తిమ్మిరి ఉంటే కంగారుపడకండి, కోత దగ్గర సన్నటి నరం ఉంటుంది, చాలామందికి అది నెలల మీద తగ్గుతుంది.

కూర్చుని చేసే ఉద్యోగమైతే, కాలు ఎత్తి పెట్టుకునే వీలుంటే రెండు నుంచి నాలుగు వారాలకి వెళ్ళొచ్చు. నిలబడి పాఠం చెప్పే టీచర్లు, కొట్లో నిలబడేవాళ్ళు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు సెలవు రాసుకోండి. వరినాట్లు, రొయ్యల చెరువు పని, కొబ్బరి బస్తాలు మొయ్యడం మూడు నెలల లోపు తలపెట్టొద్దు.

ఎక్స్‌రే తర్వాత నడక

ఆరో వారం ఎక్స్‌రేలో ఎముక అతుకుతోందంటే మామూలు చెప్పుల్లోకి మారమంటారు. అమ్మ అప్పుడే చీరకొంగు దోపి వంటింట్లోకి వెళ్ళింది. కానీ నడక మారలేదు. ఆరు వారాలు వేలిని కాపాడుకున్న పాదం, వేలిని ఆనించకుండా బయటి అంచు మీద నడవడం నేర్చుకుంటుంది. అలాగే కొనసాగితే పక్కవేళ్ళ కింద, మోకాలిలో కొత్త నొప్పులు మొదలవుతాయి.

మేము పట్టుకున్న ఉపాయం ఇది. కాళ్ళు కడుక్కుని తడి పాదాలతో పొడి గచ్చు మీద నాలుగడుగులు వెయ్యమనండి, తర్వాత ఆ అచ్చులు చూడండి. అమ్మ ఎడమ పాదం అచ్చులో ఐదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి. కుడి పాదానికి నాలుగే చుక్కలు, బొటనవేలు ఉండాల్సినచోట గచ్చు పొడిగా ఉంది. అది చూశాకే ఆవిడకి తెలిసింది. రోజూ సాయంత్రం అరుగు మీద చిన్న చిన్న అడుగులు వేసేది, మడమ, పాదం, చివర్లో బొటనవేలు ఆనించి నేలని నెడుతూ. మూడో నెల ఆఖరికి ఐదో చుక్క పడింది, పల్చగానే అయినా.

చెప్పులు

పాత చెప్పులన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యండి, వాటి ముందు భాగం గుబ్బకి తగ్గట్టు వంకర తిరిగి ఉంటుంది. సాయంత్రం పాదం కాస్త వాచి ఉంటుంది కాబట్టి అప్పుడే, నిలబడి, పేపరు మీద పాదం చుట్టూ గీత గీసుకుని కత్తిరించండి. షాపులో ఆ పేపరుని చెప్పు మీద పెడితే ఏ పక్కా బయటకి రాకూడదు, ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. హవాయి చెప్పులూ బొటనవేలి ఉంగరం ఉన్న తోలు చెప్పులూ వద్దు, అవి జారకుండా వేలితో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది. వెనక పట్టీ, పైన అతికించే పట్టీ ఉన్నవి మంచివి. ముందు సన్నగా ఉండే హీల్స్ పెళ్ళికైనా వేసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. వంకర మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంది.

బండి, బస్సు, గుడి, పొలం

గేర్ల బండికి ఎడమ పాదంతో గేరు, కుడి పాదంతో బ్రేకు, ఏ కాలికి ఆపరేషన్ అయినా ఇబ్బందే. స్కూటీకి బ్రేకులు చేతిలో ఉన్నా, కాలవగట్టు రోడ్డు మీద గేదె అడ్డొస్తే ఆ కాలే ఠక్కున నేల మీద ఆనించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, నొప్పి లేకుండా పాదం గట్టిగా తొక్కగలిగితేనే, డాక్టరు సరే అంటేనే నడపండి. బండి వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చోవడం కూడా మొదటి ఆరు వారాలు వద్దు, పాదం వేలాడుతుంది, ఎదురొచ్చే బండికి తగలొచ్చు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు (బల్లకట్టు లాంటి పడవ) ఎక్కేవాళ్ళు ముందున్న తడి వాలు దగ్గర ఎవరి చెయ్యయినా పట్టుకోండి.

గుళ్ళో చెప్పులు విప్పాలి కదా. దర్శనం వరకు రెండు నెలలు దాటాక చేసుకోవచ్చు, పొద్దున్నే వెళ్తే బండలు కాలవు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణలు మొక్కుకున్నవాళ్ళు నాలుగైదు నెలలు ఆగి మొదలుపెట్టడం మంచిది. చేలో దిగేముందు మచ్చ మీద ఎక్కడా పక్కు లేదని చూసుకోండి, బురదనీళ్ళు పగిలిన చర్మానికి చేటు. గట్టు మీద నడకే మొదట చాలు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మూడో నెలలో అలవాటు చేసుకోవచ్చు గానీ, లేచేటప్పుడు వేలి మీద భారం వెయ్యకుండా గోడ పట్టుకుని లేవండి.

వాపు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా సాయంత్రానికి పాదం వాస్తుంది, పొద్దున్నకి దిగుతుంది. పని ఎక్కువైన రోజు ఎక్కువ వాస్తుంది. అలాంటి రోజు రాత్రి మళ్ళీ దిండు పెట్టుకోవడమే.

అమ్మ మెట్టె ఏడో నెల దాకా భరిణె పక్కనే ఉంది. పొద్దున పెట్టి చూస్తే ఎక్కేది, సాయంత్రానికి బిగిసిపోయేది. ఏడో నెలలో కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి వెనక అతుకు కోయించి, కాస్త సాగదీసి పెట్టుకునేలా చేయించాం. దీపం పెట్టే వేళకి కూడా అది వేలి మీద వదులుగా తిరిగిన రోజున, అమ్మ ఇంక తియ్యలేదు.